నెమ్మది పిచ్చర్‌ని నమ్మవచ్చా? ఏ రకాన్ని, ఎన్నాళ్లు?

ఏప్రిల్ వచ్చిందంటే అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి పోటీ అయిన మేజర్ లీగ్ అభిమానుల మధ్య ఈ వాదన మొదలవుతుంది. ఫాస్ట్‌బాల్ (పూర్తి వేగంతో వేసే బంతి) గంటకు 88 మైళ్లు దాటని పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఒకడు వరసగా నాలుగైదు ఆటలు బ్రహ్మాండంగా వేస్తాడు. "బ్యాటర్లు ఇంకోసారి చూస్తే అయిపోతాడు, ఇప్పుడే వదిలించుకోండి" అని ఒక వర్గం అంటుంది. "మ్యాడక్స్ వేగంతో గెలిచాడా? మోయర్ వేగంతో గెలిచాడా?" అని పాత దిగ్గజ పిచ్చర్లను చూపి ఇంకో వర్గం నిలదీస్తుంది. సీజన్ ముగిసినా వాదన తేలదు, ఎందుకంటే ఇరువైపులవాళ్లూ నెమ్మది పిచ్చర్లందరినీ ఒకే గాటన కట్టి మాట్లాడుతుంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. నెమ్మది పిచ్చర్ నిలబడగలడు. ఇరవై ఏళ్లకు పైగా నిలబడినవాళ్లూ ఉన్నారు. కాకపోతే నిలబడే రకాలు కొన్నే, వాటిలోనూ పొరపాటుకు చోటు చాలా తక్కువ. కాబట్టి ఎవరిని నమ్మాలో తేల్చుకునేముందు అతను ఏ రకం, మీకు కావలసింది ఒక్క సీజనా నాలుగేళ్లా అన్నది చూసుకోవాలి.

## నెమ్మది అంటే ఎంత?

క్రికెట్ చూసి పెరిగిన మనకు ఇక్కడ కొంచెం సర్దుకోవాల్సి వస్తుంది. 85 మైళ్లంటే గంటకు దాదాపు 137 కిలోమీటర్లు. క్రికెట్‌లో ఆ వేగంతో వేసేవాడిని ఫాస్ట్ మీడియం అంటాం. మేజర్ లీగ్‌లో అతనే నెమ్మది పిచ్చర్. అక్కడ ఫోర్ సీమ్ ఫాస్ట్‌బాల్ (నేరుగా వచ్చే మామూలు ఫాస్ట్‌బాల్) సగటు 2008లో 92 మైళ్లకు దగ్గరగా ఉండేది, ఇప్పుడు 94 దాటింది. అంటే 2008లో సగటు పిచ్చర్ అనిపించుకున్నవాడు అదే వేగంతో ఇవాళ వేస్తే సగటు కింద ఉంటాడు. పాతకాలపు పేర్లతో వాదించేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి. తొంభైల్లో 87 మైళ్లు వేసినవాడికి, ఇప్పుడు 87 మైళ్లు వేసేవాడికి మధ్య చాలా దూరం ఉంది.

ఈ వ్యాసంలో 91 మైళ్ల లోపు ఫాస్ట్‌బాల్ ఉన్నవాళ్లనే ప్రధానంగా తీసుకున్నాను. ఒకరిద్దరి విషయంలో ఆ గీత కాస్త దాటాను.

## దేన్ని బట్టి చూడాలి

మొదటిది వేగాల మధ్య తేడా. బ్యాటర్‌ను బోల్తా కొట్టించేది 87 మైళ్ల బంతి ఒక్కటే కాదు, దాని వెనకే అదే చేయి ఊపుతో వచ్చే 78 మైళ్ల బంతి. లెక్క వేసి చూడండి. పిచ్చర్ చేతినుంచి ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) దాకా సుమారు 55 అడుగులు. తొమ్మిది పది మైళ్ల తేడా ఉంటే రెండో బంతి దాదాపు సెకనులో ఇరవయ్యో వంతు ఆలస్యంగా వస్తుంది. ఆ కాస్త సమయంలో బంతి ఐదారు అడుగులు ప్రయాణిస్తుంది. బ్యాట్ తిరిగిపోయాక బంతి వచ్చినట్టు కనిపించేది అందుకే. ఈ తేడా ఆరు మైళ్లకు పడిపోయిన నెమ్మది పిచ్చర్ ఎవరైనా సరే, నేను దూరంగా ఉంటాను.

రెండోది వాక్‌లు, అంటే నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌ను ఉచితంగా మొదటి బేస్‌కు పంపడం. వేగం ఉన్నవాడు ఇద్దరికి వాక్ ఇచ్చి మూడోవాడిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైకులతో ఔట్ చేసి) బయటపడతాడు. నెమ్మదివాడికి ఆ దారి ఉండదు. 1997లో గ్రెగ్ మ్యాడక్స్ 232 ఇన్నింగ్స్‌కు (ముగ్గురిని ఔట్ చేస్తే ఒక ఇన్నింగ్) పైగా వేసి మొత్తం 20 వాక్‌లే ఇచ్చాడు. అంత ఎవరినీ అడగక్కర్లేదు గానీ, తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు రెండున్నర దాటితే మాత్రం జాగ్రత్త పడాలి.

మూడోది బ్యాట్‌కు తగిలిన బంతి ఎటు పోతుందన్నది. స్ట్రైకౌట్లు తక్కువైనప్పుడు ఎక్కువ బంతులు ఆటలోకి వస్తాయి. ఆటలోకి వచ్చిన బంతి హిట్ కావడం, ఔట్ కావడం పిచ్చర్ చేతిలో పెద్దగా ఉండదని 2001లో వోరస్ మెక్రాకెన్ అనే పరిశీలకుడు వాదించినప్పుడు పెద్ద దుమారమే రేగింది. తర్వాతివాళ్లు ఆ మాటను కొంత సవరించారు. బలహీనంగా తగిలేలా చేసే నేర్పు కొందరికి ఉంటుంది. కానీ అసలు సారం నిలిచే ఉంది. నెమ్మది పిచ్చర్ అంకెల్లో ఫీల్డర్ల వాటా, అదృష్టం వాటా ఎక్కువ. అందుకే అతని ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున తన ఖాతాలో పడే పరుగులు, తక్కువైతే మంచిది) ఒక ఏడాది 3, మరో ఏడాది 4.70 అయినా ఆశ్చర్యపడకూడదు.

నాలుగోది చాలామంది పట్టించుకోనిది: నిరుటి కంటే వేగం ఎంత తగ్గింది? 97 వేసేవాడు 95కు దిగితే తట్టుకుంటాడు. 88 వేసేవాడు 86కు దిగితే మొత్తం కట్టడమే కదిలిపోతుంది. ఫాస్ట్‌బాల్ తగ్గినంత ఛేంజప్ (అదే చేయి ఊపుతో వేసే నెమ్మది బంతి) తగ్గదు కాబట్టి రెండిటి మధ్య తేడా కూడా కుంచించుకుపోతుంది.

## ఒక్క చూపులో

| రకం | ఉదాహరణ | బలం | ఎక్కడ దెబ్బతింటాడు | ఎన్నాళ్లు నమ్మవచ్చు |
|---|---|---|---|---|
| ఛేంజప్ | మోయర్, గ్లావిన్, హెండ్రిక్స్ | వయసు మీద పడినా పని చేస్తుంది | ఛేంజప్ పైన పడిన రోజు | ఎక్కువ కాలం |
| నాలుగు మూలల కచ్చితత్వం | మ్యాడక్స్, బర్లీ | వాక్‌లు లేవు, ఇన్నింగ్స్ ఎక్కువ | ఇలాంటివాడు దొరకడమే కష్టం | దొరికితే వదలొద్దు |
| సింకర్ (కిందికి దిగే బంతి), గ్రౌండ్ బాల్ (నేల మీద దొర్లే బంతి) | కైకల్ | హోమ్ రన్‌లు (సిక్సర్ లాంటివి) తక్కువ | ఫీల్డింగ్ చెడితే, సింకర్ పైకి వస్తే | ఒకటి రెండేళ్లు |
| పైకి లేచే ఫాస్ట్‌బాల్ | ఇమనాగా, వీవర్ | స్ట్రైకౌట్లు ఉంటాయి | హోమ్ రన్‌లు | ఏటా కొత్తగా చూసుకోవాలి |
| వింత కోణం | టైలర్ రోజర్స్ | బ్యాటర్‌కు అలవాటు లేని దారి | చాలాసేపు వేయిస్తే | రిలీవర్‌గా (ఆట మధ్యలో దిగేవాడిగా) బాగా |
| నకుల్‌బాల్ (దాదాపు తిరగకుండా ఊగుతూ వచ్చే బంతి) | వేక్‌ఫీల్డ్, డికీ | వేగంతో సంబంధమే లేదు | ఆ రోజు బంతి మాట వినకపోతే | లెక్కకు అందదు |

## ఛేంజప్ పిచ్చర్లు

ఒక్క రకాన్నే ఎంచుకోమంటే నేను వీళ్లనే ఎంచుకుంటాను. జేమీ మోయర్ కథ చాలు. 1992 సీజన్ మొత్తం అతను మైనర్ లీగ్‌లోనే గడిపాడు. తర్వాత సియాటిల్ మారినర్స్ తరఫున 2001లో 20 విజయాలు (జట్టు గెలిచినప్పుడు పిచ్చర్ ఖాతాలో వేసే గెలుపులు), 2003లో నలభై ఏళ్ల వయసులో 21 విజయాలు సాధించాడు. 2012 ఏప్రిల్ 17న డెన్వర్‌లో కొలరాడో రాకీస్ తరఫున పాడ్రెస్ మీద గెలిచినప్పుడు అతనికి సుమారు 49 ఏళ్ల ఐదు నెలలు. మేజర్ లీగ్‌లో అంత వయసులో గెలిచిన పిచ్చర్ మరొకరు లేరు. అప్పటికి అతని ఫాస్ట్‌బాల్ 80 మైళ్ల కిందే తిరుగుతోంది. మొత్తం 269 విజయాలు.

అదే మోయర్ ఇచ్చిన హోమ్ రన్‌లు 522. మేజర్ లీగ్ చరిత్రలో అంతకంటే ఎక్కువ ఇచ్చినవాడు లేడు. అతనిమీద ఎంత ప్రేమ ఉన్నా ఈ అంకెను దాచకూడదు. నెమ్మది పిచ్చర్‌ను ఎంచుకున్నవాడు హోమ్ రన్‌లను కూడా ఒప్పుకుని ఎంచుకోవాలి. చూడాల్సింది అవి ఖాళీ బేస్‌ల మీద పడుతున్నాయా, ఇద్దరు రన్నర్లు ఉన్నప్పుడు పడుతున్నాయా అన్నదే. వాక్‌లు తక్కువ ఉన్నవాడికి ఎక్కువగా ఒక్క రన్‌తో పోతుంది.

కైల్ హెండ్రిక్స్‌ది మన కాలానికి దగ్గరి ఉదాహరణ. డార్ట్‌మత్‌లో చదివి, 2011 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) ఎనిమిదో రౌండ్‌లో వెళ్లాడు. 2016లో చికాగో కబ్స్ తరఫున 2.13 ఈఆర్ఏతో లీగ్ మొత్తంలో అందరికంటే ముందు నిలిచాడు. ఫాస్ట్‌బాల్ 88 మైళ్లు. ఆ ఏడాది నేషనల్ లీగ్ ఫైనల్ ఆరో ఆటలో క్లేటన్ కర్షాకు ఎదురుగా వేసి, ఏడు ఇన్నింగ్స్ పైన ఒక్క రన్ ఇవ్వకుండా డాడ్జర్స్‌ను ఆపాడు. "ప్లేఆఫ్స్‌లో నెమ్మది బంతులు చెల్లవు" అనేవాళ్లకు నేను ఆ ఆటే చూడమంటాను.

## మ్యాడక్స్‌ను ఉదాహరణగా వాడకండి

ఇది కాస్త గట్టిగానే చెబుతున్నాను. 355 విజయాలు, 1992 నుంచి 1995 వరకు వరసగా నాలుగు సై యంగ్ అవార్డులు (ఏటా ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చేవి), 1994లో 1.56, 1995లో 1.63 ఈఆర్ఏ. ఇలాంటి మనిషిని చూపించి "కాబట్టి మా అయిదో స్టార్టర్ (ఆట మొదలుపెట్టే పిచ్చర్) కూడా నిలబడతాడు" అనడం న్యాయం కాదు. పైగా మ్యాడక్స్ మంచి వయసులో ఉన్నప్పుడు ఆనాటి లీగ్ సగటుకు దగ్గరి వేగంతోనే వేశాడు. నెమ్మదించింది తర్వాతే.

ఈ రకంలో పోల్చుకోదగినవాడు మార్క్ బర్లీ. 1998 డ్రాఫ్ట్‌లో 38వ రౌండ్ దాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు. 2001 నుంచి 2014 వరకు వరసగా 14 సీజన్లు ఏటా 200 ఇన్నింగ్స్‌కు తగ్గకుండా వేశాడు. కెరీర్ చివర్లో ఫాస్ట్‌బాల్ 85 మైళ్ల చుట్టూ ఉండేది. 2007లో ఒక నో హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట), 2009 జూలై 23న టంపా బే మీద పర్ఫెక్ట్ గేమ్ (ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని ఆట). బంతి అందుకున్న వెంటనే వేసేవాడు. బ్యాటర్‌కు ఆలోచించుకునే వ్యవధి ఇచ్చేవాడు కాదు, వెనకున్న ఫీల్డర్లు కూడా చురుగ్గా ఉండేవాళ్లు. అతని కెరీర్ ఈఆర్ఏ 3.81. మెరుపులు తక్కువ, భరోసా ఎక్కువ. మేనేజర్‌కు బుల్‌పెన్‌కు (రిలీవర్ల బృందానికి) విశ్రాంతి ఇచ్చే పిచ్చర్ కావాలంటే ఇంతకంటే మంచి బేరం లేదు.

## సింకర్ పిచ్చర్లు, ఒకే ధరకు రెండు ఒప్పందాలు

డల్లాస్ కైకల్ 2015లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ తరఫున 20–8 (20 గెలుపులు, 8 ఓటములు), 2.48 ఈఆర్ఏతో సై యంగ్ గెలిచాడు. 89, 90 మైళ్ల సింకర్ మోకాలి కిందికి దిగుతుంటే బ్యాటర్లు బంతిని నేలకే కొట్టేవాళ్లు. షార్ట్ స్టాప్, సెకండ్ బేస్ ఫీల్డర్లు బాగున్న జట్టుకు ఇది వరం.

చిక్కు ఏమిటంటే ఈ రకం మెల్లగా తగ్గదు, ఒక్కసారిగా కూలుతుంది. ఇక్కడే ఆసక్తికరమైన పోలిక ఒకటుంది. 2019 మార్చిలో కబ్స్ హెండ్రిక్స్‌తో నాలుగేళ్లకు 55.5 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో చికాగోలోనే ఉన్న వైట్ సాక్స్ కైకల్‌కు మూడేళ్లకు అదే 55.5 మిలియన్లు ఇచ్చారు. ఊరూ డబ్బూ ఒకటే, ఇద్దరూ నెమ్మది పిచ్చర్లే.

| ఏడాది | హెండ్రిక్స్ ఈఆర్ఏ | కైకల్ ఈఆర్ఏ |
|---|---|---|
| 2020 | 2.88 | 1.99 |
| 2021 | 4.77 | 5.28 |
| 2022 | 4.80 | 9.20 |
| 2023 | 3.74 | ఒప్పందం ముగిసింది |

2020 కుదించిన సీజన్‌లో కైకలే మెరుగు. 2022 మే నెలకల్లా వైట్ సాక్స్ అతన్ని వదిలేశారు, ఆ ఏడాది మూడు జట్లకు వేసి 9.20తో ముగించాడు. హెండ్రిక్స్ కూడా పడ్డాడు, కానీ లేచి 2023లో ఇంకో మంచి ఏడాది ఇచ్చాడు. 2024లో 5.92తో మళ్లీ పడ్డాడు. ఇద్దరు మనుషులతో సూత్రం తయారవదని తెలుసు. అయినా నాకు ఇందులో కనిపించేది ఇది: చేతిలో మంచి ఛేంజప్ ఉన్నవాడికి రెండో ఉపాయం ఉంటుంది. సింకర్ ఒక్కదాని మీదే బతికేవాడికి ఆ సింకర్ రెండంగుళాలు పైన పడితే వేరే దారి లేదు.

2023 నుంచి రెండో బేస్‌కు ఇటూ అటూ ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలన్న నిబంధన వచ్చింది. ముగ్గురిని ఒకే పక్కన నిలబెట్టి గ్రౌండ్ బాల్స్ పట్టించుకునే సౌకర్యం పోయింది. ఆ దెబ్బ ఈ రకానికే ఎక్కువ.

## మిగతా మూడు రకాలు, క్లుప్తంగా

పైకి లేచినట్టు కనిపించే ఫాస్ట్‌బాల్ ఉంటే 92 మైళ్ల కింద కూడా స్ట్రైక్ జోన్ (బంతి స్ట్రైక్‌గా లెక్కకొచ్చే చోటు) పై అంచున బ్యాటర్‌ను తప్పించవచ్చు. షోటా ఇమనాగా 2024లో జపాన్ నుంచి కబ్స్‌కు వచ్చి 15–3, 2.91 ఈఆర్ఏ సాధించింది అలాగే, స్ప్లిటర్ (చివర్లో కిందికి పడిపోయే బంతి) తోడుగా. ఇలాంటివాళ్ల బంతులు గాల్లోకి ఎక్కువ లేస్తాయి, కాబట్టి మైదానం, గాలి రెండూ చూసుకోవాలి. హెచ్చరికగా జెరెడ్ వీవర్‌ను గుర్తుపెట్టుకోండి. 2010లో 90 మైళ్లతో 233 స్ట్రైకౌట్లు తీసి మేజర్ లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. వేగం 83కు దిగాక 2016లో 37 హోమ్ రన్‌లు ఇచ్చాడు, 2017లో పాడ్రెస్ తరఫున ఒక్క విజయం లేకుండా 7.44తో రిటైరయ్యాడు.

టైలర్ రోజర్స్ చేతిని దాదాపు నేలకు ఆనించి వేస్తాడు. 83 మైళ్ల బంతి, అయినా ఏళ్ల తరబడి నమ్మకమైన రిలీవర్. ఒక ఇన్నింగ్‌లో బ్యాటర్‌కు ఆ కోణం అలవాటయ్యేలోపే పని పూర్తవుతుంది.

నకుల్‌బాల్ వేరే లోకం. టిమ్ వేక్‌ఫీల్డ్ 45 ఏళ్ల దాకా వేసి 200 విజయాలు సాధించాడు. ఆర్.ఎ. డికీ 2012లో మెట్స్ తరఫున 20–6తో సై యంగ్ గెలిచాడు, నకుల్‌బాల్‌తో ఆ అవార్డు గెలిచిన మొదటివాడు అతనే. ఇప్పుడు ఆ విద్య నేర్చుకునేవాళ్లే అరుదు కాబట్టి ఎంచుకునే అవకాశం కూడా అరుదే.

## 2026 నుంచి కొత్త చిక్కు

2026 సీజన్ నుంచి బాల్ (జోన్ బయటి బంతి), స్ట్రైక్ నిర్ణయాలను యంత్రం ద్వారా సవాలు చేసే పద్ధతి వచ్చింది. జట్టుకు ఆట మొదట్లో రెండు సవాళ్లు, గెలిస్తే సవాలు మిగులుతుంది. టామ్ గ్లావిన్ 305 విజయాల్లో అంపైర్లు బయటి అంచున ఇచ్చిన స్ట్రైకులకు వాటా ఉందని ఆ కాలం చూసినవాళ్లంతా అంటారు. అలా ప్లేట్ బయట రెండంగుళాల మీద బతికే పిచ్చర్‌కు ఇకమీదట గడ్డుకాలం. కీలకమైన బంతికి బ్యాటర్ తన హెల్మెట్ తట్టి సవాలు చేస్తాడు. నిజంగా అంచు మీదే వేయగలిగినవాడికి మాత్రం ఇదే మేలు, అంపైర్ ఇవ్వని స్ట్రైక్‌ను తనే అడిగి తెచ్చుకోవచ్చు. కనుక ఇప్పుడు ఎవరినైనా ఎంచుకునేముందు, అతని స్ట్రైకులు జోన్ లోపలివా, క్యాచర్ గ్లవ్ కదిపి తెచ్చినవా అన్నది చూడండి.

## మీరు ఎవరైతే ఏం చేయాలి

ఫాంటసీ లీగ్ ఆడేవాళ్లు. స్ట్రైకౌట్లకు విడిగా పాయింట్లుంటే నెమ్మది పిచ్చర్‌ను డ్రాఫ్ట్ చివరి రౌండ్లకు ముందు ముట్టుకోవద్దు. విజయాలు, ఇన్నింగ్స్, వాక్‌ల లెక్క ఎక్కువుండే లీగ్ అయితే ఛేంజప్ రకంవాడిని మధ్య రౌండ్లలో తీసుకోవచ్చు. ఆరంభంలో మెరిసిన సింకర్ పిచ్చర్‌కు ఎవరైనా మంచి ధర ఇస్తానంటే మే నెలలోనే ఇచ్చేయండి.

సొంత జట్టు ఒప్పందాల గురించి వాదించేవాళ్లు. ముప్పై దాటిన నెమ్మది పిచ్చర్‌కు ఒక ఏడాది, మహా అయితే రెండేళ్లు. టైలర్ ఆండర్సన్ 2022లో డాడ్జర్స్ తరఫున 15–5, 2.57 వేశాడు. ఏంజెల్స్‌కు మారిన మరుసటి ఏడాది 5.43, దాని తర్వాత 3.81. ఒక మంచి ఏడాదిని చూసి మూడేళ్ల ధర కడితే ఇలాంటి ఎగుడుదిగుళ్లకు సిద్ధపడే కట్టాలి.

అమెరికాలో పిల్లల్ని లిటిల్ లీగ్‌కు తీసుకెళ్లే మనవాళ్లు. న్యూజెర్సీలో, డల్లాస్‌లో, బే ఏరియాలో ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో గ్లవ్ కనిపిస్తోంది. "మావాడి బంతికి వేగం లేదు, పిచింగ్ మాన్పించాలా?" అన్నది నిజమైన ప్రశ్నే. దీనికి తియ్యటి అబద్ధం చెప్పను. స్కౌట్లు, కాలేజీ కోచ్‌లు రాడార్ గన్‌నే ముందు చూస్తారు. కుడిచేతివాటం పిల్లాడు హైస్కూల్ చివరికి కూడా వేగం అందుకోకపోతే పెద్ద కాలేజీ జట్టులో చోటు కష్టం. ఎడమచేతివాళ్లకు ఓపిక కాస్త ఎక్కువ దొరుకుతుంది. అయితే ఒక్క వేగమే చాలదు. 2008లో మన దేశంలో బంతి వేగం కొలిచి నడిపిన పోటీలో నెగ్గుకొచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్‌లతో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ మేజర్ లీగ్ దాకా చేరలేకపోయారు.

పన్నెండేళ్ల పిల్లాడికి వేగం ఇంకా రాకపోవడం లోపమేమీ కాదు, ఒళ్లు ఇంకా పెరగాలి. పిచ్చర్ల గాయాలపై మేజర్ లీగ్ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక కూడా వేగం కోసం పరుగును ముఖ్య కారణాల్లో ఒకటిగా చూపింది. అందుకే ఈ వయసులో నేను చెప్పే క్రమం ఇది: ముందు స్ట్రైక్ వేయడం, తర్వాత అదే చేయి ఊపుతో ఛేంజప్, కర్వ్ (వంపు తిరిగే బంతి) సంగతి చాలా తర్వాత. 11–12 ఏళ్లవాళ్లు రోజుకు 85 బంతులు మించి వేయకూడదని మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన పిచ్ స్మార్ట్ సూచనలు చెబుతాయి. 66 దాటితే నాలుగు రోజుల విశ్రాంతి, ఒకే ఆటలో పిచ్చర్‌గానూ క్యాచర్‌గానూ ఆడించకపోవడం కూడా అందులో ఉన్నాయి. వారాంతంలో రెండు జట్లకు ఆడే పిల్లాడైతే రెండు చోట్లా వేసిన బంతులు కలిపి లెక్కపెట్టండి. ఒక జట్టు కోచ్‌కు ఇంకో జట్టులో వేసిన బంతుల లెక్క తెలియదు కాబట్టి ఆ పుస్తకం మీ చేతిలోనే ఉండాలి.